కేరాఫ్ లేని చిరునామా

ఉత్తరాన్ని చదివేముందు దులపడం నా అలవాటు. పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి తీసుకుపోయి, ముఖం పక్కకు తిప్పుకొని, కాగితాన్ని వేళ్ళ కొసలతో పట్టుకొని విదిలిస్తాను. ఎర్రటి సన్నని పొడి బండమీద రాలుతుంది. ఒక తుమ్ము తుమ్మి, కొంగుతో కళ్ళు తుడుచుకొని, అప్పుడు మొదలుపెడతాను చదవడం. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన తరువాత మిరపకాయ ఘాటు లేని ఉత్తరం నా చేతికి అందిన జ్ఞాపకం లేదు. ఘాటు సంగతి అలా ఉంచితే, ప్రతి ఉత్తరానికీ నడిమధ్యన పెసరగింజ పట్టేంత రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలో ఒక మాట పోతుంది. పోయిన మాటేదో చుట్టూ మిగిలిన మాటలను బట్టి ఊహించుకోవాలి. ఎం.ఏ.లో మాకు శిథిల శాసనాలను చదవడం నేర్పారు. ఆ విద్య నాకు అక్కరకు వచ్చింది ఇక్కడే.

మాది వరంగల్ గ్రెయిన్ మార్కెట్ దగ్గర మిర్చి అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన సరుకును అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే వ్యాపారం. మాది అనడం మాటవరసకే. దుకాణం మా బావగారు వెంకటేశ్వర్లుది, మావారు వీరభద్రానిది. మామగారి కాలంలో పెట్టిన కట్టుబాటు ఒకటి అక్కడ ఇంకా నడుస్తోంది. పోస్టుమాన్ తెచ్చిన కాగితం ఏదైనా గుమాస్తా విప్పాలి, దుకాణంలో ఉన్నవాళ్ళందరూ వినేటట్టు పైకి చదవాలి, చదివిన తరువాత గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చాలి. "అన్నదమ్ముల నడుమ మూసిన కవరుండొద్దు" అనేవారట మామగారు. పొత్తు వ్యాపారంలో అది న్యాయమైన పద్ధతే, కాదనను. ఒకరి చాటున ఒకరు బేరం చేసుకునే వీలుండదు. కానీ ఇంటి ఉత్తరాలు కూడా దుకాణంలోనే ఇవ్వాలని ఆయన పోస్టాఫీసుకు రాసిచ్చి మరీ పోయారు. కాబట్టి నాకు వచ్చిన ఉత్తరం మొదట గుమాస్తా సాంబయ్య గొంతులో పలుకుతుంది, ఆ తరువాత తీగ ఎక్కుతుంది, ఎవరికైనా గుర్తుకు వచ్చిననాడు అన్నం క్యారియర్ సంచిలో పడి ఇంటికి చేరుతుంది. సీజనులో దుకాణంలోనే పడుకునే రైతులకు కూడా భోజనం మా ఇంటినుంచే పోతుంది. పొద్దున నేను వండి పంపిన గిన్నెలు మధ్యాహ్నం ఎంగిలితో తిరిగివస్తాయి. ఆ ఎంగిలి గిన్నెల పక్కన, నా ఉత్తరం.

అందులో ఏముందో నాకంటే ముందు నాకు చెప్పేవాళ్ళు చాలామంది. మావారు కాళ్ళు కడుక్కుంటూ, "మీ శకుంతలకు మళ్ళ ఆడపిల్లనేనట, పాపం" అంటారు. హనుమకొండలో ఉన్న నా ఏకైక స్నేహితురాలు ఎన్నో రోజులు ఆలోచించి నాకు రాసుకున్న సంగతి అది. బావగారు నాతో నేరుగా మాట్లాడరు గనుక అన్నం తింటూ అత్తగారితో అంటారు, నాకు వినపడేటట్టుగా: "అమ్మా, నీ చిన్నకోడలికి వాళ్ళ సారు ఏదో పద్యం రాసి పంపిండు. సాంబయ్యకు నోరు తిరుగక తిప్పలువడుతుంటే రైతులు ఒకటే నవ్వుడు." అత్తగారు నవ్వరు. కొంచెం పచ్చడి వేస్తారు, అంతే. ఆమె నవ్వకపోవడాన్ని కూడా నేను అనుమానించేదాన్ని. నవ్వేవాళ్ళ మనసులో ఏముందో తెలుస్తుంది. పచ్చడి వేసేవాళ్ళ మనసులో ఏముందో ఎట్లా తెలుస్తుంది?

నిరుడు హనుమకొండలో ఒక ప్రైవేటు మహిళా కళాశాల తెలుగు లెక్చరరు కోసం ప్రకటన ఇచ్చింది. దరఖాస్తు పెడతానంటే మావారు, "పెట్టుకో, ఎవరొద్దన్నరు?" అన్నారు. ఆ మాటను నేను అనుమతి అనుకున్నాను. అది ఫలితం మీద నమ్మకం లేని మనిషి చూపే ఔదార్యమని తరువాత తెలిసింది. ఎదురుచూశాను. కళాశాలవారు నన్ను పిలవలేదని నిశ్చయించుకొని, నా చదువు పాతబడిపోయిందని నాకు నేను సర్దిచెప్పుకున్న తరువాత, ఒకనాడు క్యారియర్ సంచిలో కార్డు కనపడింది. ఇంటర్వ్యూకు రమ్మని. ఆ తేదీ దాటిపోయి అప్పటికి వారం. క్యారియర్ కోసం వచ్చిన సాంబయ్యను ఆపి అడిగితే ఆయన నొచ్చుకున్నాడు.

"వచ్చిననాడే చదివిన చిన్నమ్మా. నా పని నేను తప్పలే. గట్టిగనే చదివిన. అందరు విన్నరు."

అందరు విన్నరు. ఆ అందరిలో మావారు ఉన్నారు. అడిగాను. "దుకాణంల దినాం ఎన్ని కాగితాలు చదువుతరో నీకెర్కనా? ఏది ఎవరి చెవుల పడ్డదో ఎవరు జూడొచ్చిండ్రు? ఫికర్ చేయకు, మళ్ళ పెడుదువు" అన్నారు. అబద్ధమాడుతున్నప్పుడు మావారు చెవి వెనుక గోక్కుంటారు. అప్పుడు గోక్కోలేదు. ఆ సంగతి నన్ను మరింత అనుమానంలో పడేసింది; నిజంగా వినలేదా, లేక విని అక్కరలేదని వదిలేశారా? రెండవది అబద్ధం కాదు కదా, చెవి గోక్కోవడానికి.

ఆ రోజునుంచి నేను ఇంట్లో ప్రతి మాటనూ పాఠాంతరాలు సరిచూసినట్టు చూడడం మొదలుపెట్టాను. ఎవరు ఏది ఎప్పుడు అన్నారు, నాకు తెలియకముందే వాళ్ళకు తెలిసినదేది. చివరికి ఒక పరీక్ష కూడా పెట్టాను. శకుంతలతో ఒక కార్డు రాయించాను: గురువారం పిల్లలతో కలిసి భోజనానికి వస్తున్నానని. ఆమె వచ్చేది లేదు. కార్డు ఎట్లా ప్రయాణం చేస్తుందో చూడాలని మాత్రమే. బుధవారం సాయంత్రం అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నారు. రోజూ ఒలిచేవాటికంటే చాలా ఎక్కువ. "ఇన్నెందుకత్తమ్మా?" అన్నాను. "రేపు మనుషులెక్కువ గద" అని, అంతలోనే నాలుక కరుచుకొని, "రైతులు… రైతులొస్తరు గద" అన్నారు. కార్డు శుక్రవారం నా చేతికి వచ్చింది, రంధ్రంతో, పొడితో. ఆ చిక్కుడుకాయల రాశిని నేను మరిచిపోలేదు. దుకాణంలో చదివినది ఇంటికి వస్తుంది, బావగారి నోటితో, అత్తగారి చెవికి. అంటే నిరుడు ఇంటర్వ్యూ కార్డు సంగతి కూడా ఆమెకు తెలుసు. తెలిసి, నాతో కలిసి అదే పొయ్యి దగ్గర, అదే గంజి వార్చుతూ, మాట్లాడకుండా ఉన్నారు. ఎందుకు? కోడలు బజారుకెక్కుతుందని భయమా, పెద్దకోడలికి లేనిది చిన్నకోడలికి ఎందుకనా, చదువంటే కోపమా? ప్రతి కారణాన్నీ పరిశీలించి చూశాను. ప్రతిదీ నమ్మదగినట్టే కనపడింది.

ఈ ఏడు అదే కళాశాలలో అదే ఉద్యోగం మళ్ళీ ఖాళీ అయింది. ఈసారి పిలుపు కూడా చేజారితే, నలభై దాటిన నాకు మూడవసారి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. దరఖాస్తు అంతా రాసి, 'ఉత్తర ప్రత్యుత్తరాలకు చిరునామా' అన్నచోట ఆగిపోయాను. సంతకం పెట్టడానికి ఒక్క క్షణం పట్టింది. చిరునామా ఎంచుకోవడానికి ఎన్నో సోమవారాలు పట్టాయి. సోమవారం అని ఎందుకంటే, వేయిస్తంభాల గుడికి వెళ్ళివస్తానంటే ఈ ఇంట్లో కారణం అడగరు. హనుమకొండ బస్సు ఎక్కడానికి నాకున్న లైసెన్సు అదొక్కటే.

ఇల్లున్న వీధి చిరునామా ఇస్తే సరిపోదా అని మొదట పోస్టుమాన్ ఎల్లస్వామిని అడిగాను. "నాకేంది బాధమ్మా, ఇంటికే తెస్త. గని పెద్దసేటు రాసిచ్చిన కాగితం ఉన్నది గద, వెంకటేశ్వర్లు సేటును ఒకమాట అడుగుమంటవా?" అన్నాడు. వద్దన్నాను. అడగడమంటే చెప్పడమే. పరకాలలో మా అన్నయ్య ఉన్నాడు. పెళ్ళికి ముందు నా పేరున వచ్చిన ఉత్తరాలకు జవాబులు కూడా తానే రాసిన మనిషి. శకుంతల ఇల్లు ఉంది. "మావారు చాలా మంచివారే నిర్మలా! నాకు శ్రమలేకుండా నా ఉత్తరాలు ముందే చదివి, ముఖ్యమైనవి ఏవో చెపుతారు" అంది, గర్వంగానే. నేను చదువుకున్న విభాగానికి రప్పించుకుందామంటే అక్కడ అందరి ఉత్తరాలూ మెట్లపక్కన ఒక చెక్క అరలో పడి ఉంటాయి, ఎవరి చేతికి ఏది దొరికితే అది. పోస్టాఫీసులోనే ఆపి ఉంచుమనవచ్చు. కానీ తీసుకోవడానికి వెళ్ళినప్పుడు నేను నేనేనని ఎవరో ఒకరు చెప్పాలి. ఈ ఊళ్ళో నన్ను ఎరిగినవాళ్ళందరూ నన్ను వీరభద్రం భార్యగా ఎరిగినవాళ్ళే.

అట్లా అన్నీ కొట్టివేస్తూ పోగా, హనుమకొండలో ఒక పోస్టాఫీసు వరండాలో గోడనిండా చిన్న చిన్న తలుపులు కనపడ్డాయి. ప్రతి తలుపుకూ ఒక నంబరు, ఒక తాళం. వ్యాపారులు అద్దెకు తీసుకునే పోస్టు బాక్సులు. రోజూ గుడికి పోయేవాళ్ళు చూసీచూడనట్టు దాటిపోయే గోడ అది; నేనూ అట్లాగే ఎన్నోసార్లు దాటాను. లోపల గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏ ఫర్ముకమ్మా?"

"ఫర్మ్ లేదు. నాకే."

అప్పుడు తల ఎత్తాడు. "మీకా? సారు సంతకం తెచ్చిన్రా?"

"తేవాలని రూలు ఉన్నదా? ఎక్కడుందో చూపిస్తారా?"

ఆయన కాసేపు పుస్తకం తిప్పాడు, కోపంతో కాదు, ఆసక్తితోనే. "రూలయితే కనవడ్తలేదు. మరి ఇంతవరకు ఆడోళ్ళెవరు అడుగలే" అన్నాడు. పేరు రాయమన్నాడు. శ్రీమతి వీరభద్రం అని రాయవచ్చు. ఇంటిపేరు ముందు పెట్టవచ్చు, కానీ రెండు ఇంటిపేర్లలో ఏది? పుట్టింటిది వదిలేశానన్నారు, అత్తింటిది ఇచ్చారన్నారు. ఇచ్చిపుచ్చుకున్నది నన్నడిగి కాదు. 'నిర్మల, ఎం.ఏ.' అని రాశాను. ఆయన చూసి, "కేరాఫ్?" అన్నాడు.

"లేదు."

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెళ్ళిపత్రికనుంచి దవాఖాన చీటీ దాకా నా పేరు ఏనాడూ ఒంటరిగా నిలబడలేదు.

ఖాళీ బాక్సులు రెండు చూపించాడు. ఒకటి కంటి ఎత్తున, సౌకర్యంగా ఉంది. కానీ దాని పక్కది మా బజారు బట్టల వ్యాపారిది. రెండవది అన్నిటికంటే కింది వరుసలో, నేలకు ఆనుకొని. "అది వద్దమ్మా, కూసోని తీయాలె. ఎవరు తీసుకుంటలేరు" అన్నాడు. దాన్నే అడిగాను. ఇల్లూడ్చే మనిషికి వంగి కూర్చోవడం ఒక లెక్కా? పంచె నలుగుతుందని ఏ సేటూ అక్కడిదాకా వంగడు.

తాళంచెవిని ఎక్కడ దాచాలన్నది తరువాతి ప్రశ్న. దాచిన వస్తువును వెతుకుతారు; కళ్ళెదుట ఉన్నదాన్ని చూడరు. నా నడుముకు వేలాడే గుత్తిలో సామాన్ల గది, బియ్యం గది, పచ్చళ్ళ అలమర, పాతసామాను అటక, అన్నిటి తాళంచెవులూ ఉంటాయి. అత్తగారు నాకు అప్పగించినప్పుడు అందరూ దాన్ని పెత్తనం అన్నారు. అది పనిచేయవలసిన చోట్ల జాబితా అని నాకు మరునాడే తెలిసింది. ఆ గుత్తిలో ఇంకొకటి కలిపాను.

తరువాత వరుసగా కొన్ని సోమవారాలు బాక్సు ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్నప్పుడల్లా వంగి లోపలికి చూసేదాన్ని. ఒకనాడు లోపల అవతలివైపు వెలుతురు, ఒక చెయ్యి కనపడ్డాయి. ముందువైపే తాళం, వెనుకవైపు తలుపే లేదు. ఉత్తరాలు వేసేది అటునుంచే మరి. ఆ చెయ్యి ఎవరిదో, ఆ చేతికి బజారులో ఎవరు చుట్టమో అని ఆ వారమంతా ఆలోచించాను. అనుమానానికి అలవాటుపడ్డ మనసుకు గోడకు అవతల కూడా దుకాణమే కనపడుతుంది.

ఈ సోమవారం కార్డు వచ్చింది. వరండాలో అట్లాగే నేలమీద కూర్చొని చూశాను. గురువారం పొద్దున ఇంటర్వ్యూ. మధ్యలో రంధ్రం లేదు. దులపబోయి, నవ్వుకొని, వాసన చూశాను. ఏ వాసనా లేదు. ఒక ఉత్తరాన్ని ఈ లోకంలో అందరికంటే ముందు చదవడం ఇట్లా ఉంటుందా అనుకున్నాను. ఆ వెంటనే భయం పట్టుకుంది. సీజను నడుస్తోంది. గురువారం పొద్దున పొయ్యి దగ్గర నేను ఉండకపోతే దుకాణంలో మధ్యాహ్నం ఎవరికీ అన్నం ఉండదు. ఏ సాకు చెప్పి వెళ్ళడం?

మంగళవారం పొద్దున మామిడికాయ పచ్చడి తీయడానికి అత్తగారు గుత్తి అడిగారు. ఇచ్చాను. ఇచ్చిన తరువాత గాని గుర్తుకు రాలేదు, ఆ గుత్తిని నాకంటే ఎక్కువ ఏళ్ళు మోసిన మనిషి ఆమె అని. కళ్ళు సరిగా కనపడవు గనుక ఒక్కొక్క తాళంచెవినీ వేళ్ళతో తడుముతూ పోయారు. ఒకచోట వేళ్ళు ఆగాయి.

"ఇదేంది?"

"తాళంచెవి."

"తాళంచెవే. కట్టెపుల్ల అంటున్ననా? దేనిదని."

"నా పెట్టెది."

"నీ పెట్టెకు తాళమేడున్నదే? గొళ్ళెం ఊడిపోతే గుడ్డపీలిక కట్టింది నేనే గద."

ఇంకొక అబద్ధం సిద్ధంగానే ఉంది. కానీ ఆమె తలుపువైపు చూసి, తోటికోడలు దగ్గరలో లేదని చూసుకొని, గొంతు తగ్గించారు. ఆ తగ్గించడమే నాచేత నిజం చెప్పించింది.

"పోస్టాఫీసుల ఒక డబ్బా తీసుకున్ననత్తమ్మా. నా ఉత్తరాలు అండ్ల పడతయి."

"ఎవరు చదువుతరు?"

"నేనే."

"ముందుగాల?"

"ముందుగాల నేనే. తర్వాత గూడ నేనే."

ఆమె పచ్చళ్ళ అలమర దగ్గరే పీటమీద కూర్చున్నారు. "కొలువు కార్డు వచ్చిందా?" అన్నారు. తల ఊపాను. "ఎన్నడు?" గురువారమన్నాను. చాలాసేపు తాళంచెవిని అటూ ఇటూ తిప్పారు.

"పోయినేటి కార్డు సంగతి నాకెర్కనే" అన్నారు చివరికి. "పెద్దోడు బువ్వ తినుకుంట చెప్పిండు. నీకు చెప్పొద్దని అనలేదు. చెప్పుమని గూడ అనలే. నేను సప్పుడు చేయలే."

"ఎందుకత్తమ్మా?" ఏడాదిగా నాలో నేను అడుగుతున్న ప్రశ్న అది.

"ఎందుకేంది? సీజను. అంతమందికి ఎవరొండాలె? పెద్దదానికి నడుము నొప్పి, నాకు మోకాళ్ళు లెవ్వయి. నువ్వు పోతే పొయ్యిమీది గంజు ఎవరు దించుతరు?"

నేను పరిశీలించిన కారణాలలో ఇది లేదు. పరువు, అసూయ, కుట్ర, అన్నీ ఆలోచించాను. నా చదువుకు ఒక శత్రువుంటాడని, ఆ శత్రువుకు కనీసం ఒక అభిప్రాయమైనా ఉంటుందని అనుకున్నాను. ఒక అన్నపు గంజు దించడానికి మనిషి కావలసివచ్చి ఏడాది పోయింది. కోపం రావలసిన చోట నాకు నవ్వు వచ్చింది, ఆ తరువాత నిజంగానే కోపం వచ్చింది.

"ఇప్పుడు గూడ సీజనే అత్తమ్మా."

"ఔ. సీజనే." ఆమె గోటితో వలయాన్ని విడదీసి ఆ ఒక్క తాళంచెవినీ బయటికి లాగారు. తీసుకుంటున్నారనుకున్నాను. నా చేయి ముందుకు పోయింది, లాక్కోవడానికే. ఆమె దాన్ని నా అరచేతిలో పెట్టి వేళ్ళు ముడిచారు. మిగిలిన గుత్తి తమ నడుములో దోపుకున్నారు.

"మా చిలుకమ్మ లేదా, పరకాలల? నా చెల్లె. ఒకపాలి నాకు ఉత్తరం రాయించింది, మొగడు కొడుతుండు, వచ్చి తోల్కపొమ్మని. అప్పటి గుమాస్త పైకి చదివిండు. ఆనాడు దుకాణంల పరకాల రైతులున్నరు. నా కంటె ముందు పరకాలకే ఎర్కయింది. దాని మొగనికి గూడ. మళ్ళ అది నాకు రాయలేదు." కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "నీ డబ్బాల నాకింత జాగ ఉంటదా? నాకు చదువురాదు. నువ్వే చదవాలె. పైకి గాదు బిడ్డా. చెవుల."

ఇది కూడా నానుంచి ఏదో రాబట్టే ఉపాయమేమో, సాయంత్రం బావగారి విస్తరి ముందు ఈ మాటలన్నీ వడ్డిస్తారేమో అని ఆమె ముఖం చూశాను. చూసి తెలుసుకోగలిగింది ఏమీ లేదు. నమ్మడానికి ఆధారం దొరకలేదు. నమ్మకపోవడానికి దొరికిన ఆధారాలన్నీ ఆమె తానే నా ముందు పెట్టారు.

లోపలికి వెళ్ళి కాగితం, కలం, ఒక కవరు, ఒక కార్డు తెచ్చాను. కవరు చిలుకమ్మకు. అత్తగారు చెప్పినది చెప్పినట్టు రాసి, ఒక్క మాట దిద్దకుండా, మడిచి లోపల పెట్టి, ఆమె చేతనే జిగురు తడిపించి అంటింపజేశాను. మూసిన అంచును ఆమె బొటనవేలితో మళ్ళీ మళ్ళీ నొక్కారు.

"మరి గా కార్డు ఎవరికే?"

"దుకాణానికి."

ఆమె నావైపు చూశారు. నేను రాస్తూ, రాసినది ఆమెకు చదివి వినిపించాను: 'గురువారంనాడు ఇంటినుంచి భోజనం రాదు. నాకు ఇంటర్వ్యూ ఉన్నది. ఎవరి అన్నం వారు చూసుకోవలెను.' కింద నా పేరు, దాని కింద పోస్టు బాక్సు నంబరు, హనుమకొండ. రేపు పొద్దున టపాలో అందుతుంది. విప్పవలసిన పని కూడా లేదు. సాంబయ్య తన పని తప్పడు. గట్టిగానే చదువుతాడు. అందరూ వింటారు.